జీవుణ్ణి ఇంటికి తెచ్చే రేగుకొమ్మ

రేగుచెట్టు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. భోగినాటి సాయంత్రం పసిపిల్లల తలమీద రేగుపళ్ళు, పూలరేకులు, చిల్లరడబ్బులు కలిపి పోసి దిష్టి తీయడం మన ముత్తైదువలకు వేడుక. రథసప్తమినాడు జిల్లేడాకులతోపాటు రేగుపండునూ నెత్తిన పెట్టుకుని స్నానం చేయడం ఆచారం. శబరి రాముడికి పెట్టినవి రేగుపళ్ళేనని పెద్దలు కథ చెబుతారు. సంస్కృతంలో ఈ చెట్టే బదరి. బదరికాశ్రమానికి ఆ పేరు దీనివల్లనే వచ్చింది. వ్యాసభగవానుణ్ణి బాదరాయణుడనడమూ ఆ ఆశ్రమాన్ని బట్టేనంటారు. ఇంత ప్రతిష్ఠ ఉన్న చెట్టును నిత్యజీవితంలో మాత్రం మనం అట్టే పట్టించుకోము. దొడ్డిచుట్టూ కంపకొట్టడానికి నరుక్కు వస్తాము; చీరచెంగుకు ముల్లు తగులుకుంటే విసుక్కుంటాము. అంతటితో సరి.

ఈ రేగుకు దక్షిణాఫ్రికాలో ఒక తోబుట్టువు ఉంది. జూలూలు దాని కొమ్మను చేతబట్టుకుని, పరాయిచోట కన్నుమూసినవారి జీవుణ్ణి ఇంటికి పిలుచుకు వస్తారు. దారిలో బస్సెక్కవలసి వస్తే ఆ కొమ్మకూ ఒక టిక్కెట్టు కొంటారు. దానికొక సీటు విడిగా ఉంచుతారు. ఈ మాట వినగానే మొదట పెదవులమీదికి నవ్వు వచ్చే మాట నిజమే. కాని ఆ కొమ్మ వెనుక ఉన్న కథ తెలిసినకొద్దీ ఆ నవ్వు నిలవదు. నేను చదివి తెలుసుకున్న ఆ కథనే ఇక్కడ నాలుగు మాటల్లో చెబుతాను.

'కాస్త ఆగు' చెట్టు

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని జిజిఫస్ మ్యూక్రొనేటా అంటారు. మన రేగు జిజిఫస్ మారిషియానా. అంటే ఇంటిపేరు ఒక్కటే. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు విల్డెనోవ్ 1809లో ఈ పేరు పెట్టాడు. మ్యూక్రొనేటా అంటే కొసతేలినది అని అర్థం. ఆకు చివర చిన్న మొన ఉంటుంది కనుక ఆ పేరు. రాతినేలలో, నీరు చాలనిచోట ఇది గుబురు పొదలాగానే ఉండిపోతుంది. నేల బాగుండి నీరు అందితే ముప్పై అడుగుల చెట్టూ అవుతుంది. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తూ, మొదటినుండి మూడు ఈనెలు బయలుదేరి ఉంటాయి. పువ్వులు పసుపు కలిసిన ఆకుపచ్చరంగువి. చూపుకు ఆనవు గాని తేనెటీగలకు ప్రీతి. కాయ పండితే ఎర్రమట్టిరంగుకు వస్తుంది. గుజ్జు పిండిపిండిగా ఉండి, మన గంగరేగుపండు రుచి రానేరాదు. అయినా పక్షులు తింటాయి; ఆకులను జిరాఫీలు, ఇంపాలా జింకలు మేస్తాయి. దక్షిణాఫ్రికా మొదలుకొని ఉత్తరాన సహారా ఎడారి దిగువదాకా ఎన్నో దేశాలలో ఇది పెరుగుతుంది. ఈ చెట్లు గుంపుగా ఉన్నచోట అడుగున నీరు ఉంటుందని అక్కడి పల్లెవాసుల నమ్మకం.

ఇంగ్లీషువారు దీనిని బఫెలో థార్న్ అన్నారు. డచ్చివారి సంతతి మాట్లాడే ఆఫ్రికాన్స్ భాషలో దీని పేరు ఇంకా సొగసైనది. 'బ్లింక్‌బ్లార్ వాఖ్ ఎన్ బీకి' అంటారు. 'మెరుపుటాకు - కాస్త ఆగు' అని దాని అర్థం. పక్కనుండి పోయేవాడి బట్ట పట్టుకుని 'కాస్త ఆగవయ్యా' అంటుందన్నమాట! పరికి కంపలో చిక్కుకున్న తెలుగువారెవరికీ ఈ పేరు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ముళ్ళలో ఒక విశేషముంది. అవి జంటజంటలుగా పుడతాయి. జంటలో ఒకటి సూటిగా ముందుకు చూస్తుంటే, రెండవది కొక్కెంలా వెనక్కు వంగి ఉంటుంది. జూలూలు, ఖోసాలు మొదలైన ఙూనీ తెగల పెద్దలు దీనికి ఒక తాత్పర్యం చెబుతారు. సూటిముల్లు మనం పోవలసిన దిక్కును చూపుతుందట. వంకరముల్లు మనం ఎక్కడనుండి వచ్చామో మరిచిపోవద్దంటుందట. ఈ చెట్టు రెమ్మ కూడా తిన్నగా సాగదు, కణుపుకణుపుకూ అటూ ఇటూ వంకరలు పోతుంది. మనిషి బ్రతుకూ అంతేగదా అంటారు వాళ్ళు. తత్త్వం చెప్పడానికి చదువుకున్నవారే కానక్కరలేదు, చెట్టును చూచే ఓపిక ఉంటే చాలు!

చెట్టుకూ మందుకూ ఒకటే మాట

జూలూ భాషలో 'ఉముతి' అంటే చెట్టు. మందును కూడా 'ఉముతి' అనే అంటారు. భాషాశాస్త్రం మీద కొంచెం మక్కువ ఉన్నవాణ్ణి కనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు చెప్పరాని ముచ్చట వేసింది. మన పూర్వులూ ఈ దారినే నడిచారు. ఓషధి అంటే మొక్క. ఓషధినుండి పుట్టినది ఔషధం. మూలమంటే వేరు, వేరునుండి వచ్చినది మూలిక. రెండు ఖండాలవారు ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే తలపు తలచారు. మందు అంగడిలో పుట్టదు, అడవిలో పుడుతుంది.

జూలూ వైద్యులలో రెండు తెగలవారున్నారు. 'ఇన్యాంగా' మూలికలు ఎరిగిన వైద్యుడు. 'సంగోమా' పితృదేవతల మాట వినిపించే సోదెగాడు లేక సోదెకత్తె. సంగోమాలలో ఆడవారే ఎక్కువ. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2007లో సంప్రదాయ వైద్యుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. కోట్లకొద్దీ ప్రజలు నేటికీ వీరి దగ్గరకు పోతున్నారు.

ఈ ఆఫ్రికా రేగు వారి మందులపెట్టెలో పాతకాపు. బెరడును వేడినీళ్ళలో నానవేసి దగ్గుకూ, రొమ్ములో పేరుకున్న కఫానికీ ఇస్తారు. మోతాదు పెంచితే వాంతి చేయించడానికీ వాడతారు. వేళ్ళు నానవేసిన నీరు విరేచనాలకూ, రక్తగ్రహణికీ మందు. ఆకులను నమిలిగాని, ఆకులూ వేళ్ళూ కలిపి ఉడికించిగాని సెగ్గడ్డలమీద, పుళ్ళమీద, బిళ్ళకట్టిన చోట వేసి కడతారు. నొప్పి లాగివేస్తుందని చెబుతారు. మన పల్లెల్లో గడ్డలకు ఆకుపసరు కట్టే పద్ధతి చూచినవారికి ఇది కొత్తగా తోచదు. రసాయనశాస్త్రజ్ఞులు ఈ చెట్టు బెరడునుండి కొన్ని క్షారద్రవ్యాలను విడదీసి, చెట్టుపేరుమీదుగానే వాటికి మ్యూక్రొనీనులని పేరు పెట్టారు. అంతమాత్రాన పాఠకులెవరూ పెరటిలోని రేగుబెరడు చెక్కి కషాయం కాచుకోవద్దని మనవి. ఒక చెట్టులో ఒక ద్రవ్యం ఉన్నదని తేలడం వేరు. అది ఫలానా రోగికి ఫలానా మోతాదులో గుణమిస్తుందని తేలడం వేరు. ఆ రెండవ మెట్టుకు చాలా పరిశోధన కావాలి.

కరువుకాలంలో ఈ చెట్టు ఆకలి కూడా తీర్చింది. లేతాకులు కూరగా వండుకుంటారు. 1899 నుండి 1902 దాకా ఇంగ్లీషువారికీ బోయర్లకూ జరిగిన యుద్ధంలో కాఫీగింజలు దొరకక, ఈ చెట్టు గింజలను వేయించి పొడికొట్టి కాఫీ కాచుకు తాగారు. కాఫీ లేనిదే తెల్లవారని ఇళ్ళవారు ఆ కష్టం ఎంతటిదో ఇట్టే గ్రహించగలరు!

పిడుగు పడే వేళ ఈ చెట్టుక్రింద చేరినవాడికి భయంలేదన్న నమ్మకమూ ఉంది. మనవాళ్ళు ఉరుము ఉరిమితే అర్జునుడి పేర్లు తలచుకోవడం లేదూ! అయితే పేర్లు తలచుకోవడంలో ప్రమాదం లేదు గాని, గాలివానలో చెట్టుక్రిందికి చేరడంలో మాత్రం ఎంతో ప్రమాదముంది. ఆ నమ్మకాన్ని నమ్మకంగానే చదువుకుందాము.

రాజును సాగనంపే కొమ్మ

జూలూ భాషలో ఈ చెట్టు పేరు 'ఉమ్లహ్లాన్‌కోసి'. 'ఇన్‌కోసి' అంటే రాజు, దొర. 'లహ్లా' అంటే పారవేయడం. భూమిలో విడిచిపెట్టడమనే అర్థమూ ఉంది. వెరసి 'రాజును భూమికి అప్పగించేది' అని ఈ పేరుకు అర్థం. తెగ పెద్ద చనిపోతే ఆయన సమాధిమీద ఈ కొమ్మలు పరచడమో, ఆయన ఉన్న చోటు మరుగున పడకుండా ఈ చెట్టునే నాటడమో పూర్వాచారం. ముళ్ళుండడంవల్ల మృగాలు సమాధి తవ్వవు. చెట్టు చిగిర్చడంవల్ల ఆ చోటు తరతరాలకు గుర్తుంటుంది. ఆచారాలలో అక్కరకు వచ్చే బుద్ధి ఇలా దాగి ఉంటుంది.

మరొక ముచ్చట. జూలూ రాజు మరణిస్తే పూడ్చిపెట్టారని అనకూడదు, 'నాటారు' అనాలి. విత్తనాన్ని నాటినట్టు రాజును నాటుతారు. 2021 మార్చిలో గుడ్‌విల్ జ్వెలిథిని మహారాజు పోయినప్పుడు కూడా రాజకుటుంబం ఈ మాటే వాడింది. మన భాషలో పెద్దలు 'పోయారు' అనడానికి మనసొప్పక 'పరమపదించారు', 'శివైక్యమందారు' అంటామే, అలాంటి మర్యాద ఇది.

రాజులకు మొదలైన ఈ కొమ్మ కాలక్రమాన సామాన్యులకూ దక్కింది. దక్కడానికి కారణం సామాన్యులు ఇల్లు విడిచి దూరాన చావవలసి రావడమే.

'రా, ఇంటికి పోదాం'

జూలూల నమ్మకం ప్రకారం చనిపోయిన పెద్దలు ఎక్కడికో పోరు. 'అమాడ్లోజి' అనే పితృదేవతలై ఇంటినే కనిపెట్టుకుని ఉంటారు. గుండ్రటి పూరింటిలో వాకిలికి ఎదురుగా వెనుకవైపున 'ఉమ్సామో' అనే పవిత్రమైన చోటు ఉంటుంది. అది మన దేవుడిగూడు వంటిది. అక్కడ 'ఇంఫెఫో' అనే ఎండుమూలిక పొగవేసి, మనం సాంబ్రాణి వేసినట్టు, పెద్దలను పిలిచి కష్టసుఖాలు చెప్పుకుంటారు. బిడ్డ పుడితే చెబుతారు. పిల్లకు సంబంధం కుదిరితే చెబుతారు.

అలాంటి ఇంటిమనిషి ఆసుపత్రిలోనో, మోటారు ప్రమాదంలోనో, పరాయి ఊళ్ళోనో పోతే జీవుడు అక్కడే చిక్కుపడిపోతాడని వారి భయం. దేహాన్ని బండిలో వేసి తెచ్చినంతమాత్రాన జీవుడు వెంట రాడు. దారి తెలియక తిరుగుతుంటాడు. పిలుచుకు రావాలి. ఎవరు పిలవాలి? ఇంటివారే పిలవాలి. దేనితో పిలవాలి? రేగుకొమ్మతో.

కుటుంబంలో పెద్దవాడో, పెద్దలు నియమించినవాడో ఉమ్లహ్లాన్‌కోసి కొమ్మ ఒకటి తీసుకుని ఆ చోటికి వెళతాడు. ఏ మంచంమీద ప్రాణం పోయిందో, ఏ రోడ్డుమీద మనిషి పడిపోయాడో ఆ చోటనే నిలబడతాడు. ఇంటిపేరుతో, వంశంలోని పెద్దల పేర్లతో చనిపోయినవాణ్ణి పిలుస్తాడు. 'మేము వచ్చాము. ఇక్కడ నీకేమీ పని లేదు. రా, ఇంటికి పోదాం' అనే అర్థం వచ్చేటట్టు మాట్లాడతాడు. జీవుడు కొమ్మను ఆశ్రయించాడని నమ్మిన తరువాత తిరుగుప్రయాణం మొదలవుతుంది.

ఈ ప్రయాణంలో నియమాలున్నాయి. కొమ్మ పట్టుకున్నవాడు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే కొమ్మతోనే మాట్లాడాలి. 'ఇప్పుడు ఏరు దాటుతున్నాము', 'ఇదిగో బస్సెక్కుతున్నాము', 'మన ఊరి మలుపు వచ్చింది' అంటూ దారి పొడవునా చెబుతూ రావాలి. చంటిపిల్లవాణ్ణి తిరునాళ్ళ గుంపులోనుంచి తీసుకువచ్చినంత జాగ్రత్త! బస్సుకు రెండు టిక్కెట్లు కొనాలి. ఒకటి తనకు, ఒకటి కొమ్మకు. తనది రానూపోనూ టిక్కెట్టు, కొమ్మది ఒకవైపుది. ఆ ఒకవైపు టిక్కెట్టు మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను.

ఇల్లు చేరాక కొమ్మను ఉమ్సామోలో ఉంచి, వచ్చినట్టు పితృదేవతలకు చెబుతారు. తరువాత కొన్ని ఇళ్ళలో దానిని శవపేటికతోపాటు భూమిలో ఉంచుతారు. కొన్ని ఇళ్ళలో సమాధిమీద పెడతారు. మరికొన్నిచోట్ల పశువులచేతగాని మేకలచేతగాని తినిపిస్తారు. ఇంటి పశువు తిన్నదంటే జీవుడు ఇంటివాడైపోయినట్టే. తెగ తెగకూ, ఇంటింటికీ వివరాలలో తేడాలుంటాయి. మన పదోరోజు కర్మ కృష్ణాతీరంలో ఒకలాగా, గోదావరితీరంలో ఒకలాగా జరగడం లేదూ!

దూరాన పోయినవారు

ఈ ఆచారం ఇంతగా వ్యాపించడానికి వెనుక ఒక దుఃఖచరిత్ర ఉంది. 1886లో జొహానెస్‌బర్గ్ ప్రాంతంలో బంగారుగనులు బయటపడ్డాయి. పన్నులు కట్టడానికి డబ్బు కావాలి. సాగుకు భూమి మిగలలేదు. పల్లెల్లోని మగవాళ్ళు వేలకువేలుగా గనులకు తరలిపోయారు. భార్యాబిడ్డలను వెంట తీసుకుపోవడానికి వీలులేదు. ఏడాదికోసారి ఇంటిముఖం చూడడం, లేదా ఎప్పటికీ చూడకపోవడం. 1960 జనవరి 21వ తేదీన కోల్‌బ్రూక్ బొగ్గుగని కూలిపోయి 435 మంది సజీవంగా సమాధి అయ్యారు. వారి దేహాలు పైకి రాలేదు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఏ దేహాన్ని చూచి ఏడవాలి?

అంతకుముందే, మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917 ఫిబ్రవరి 21న మెండి అనే ఓడ ఇంగ్లండు సముద్రంలో మరొక ఓడ తగిలి మునిగిపోయింది. దక్షిణాఫ్రికానుండి యుద్ధభూమికి కూలిపనికి పోతున్న నల్లవారు 600 మందికి పైగా జలసమాధి అయ్యారు. తరువాత జాతివివక్షను ఎదిరించి దేశంవిడిచి పోయినవారు ఎందరో పరదేశాలలోనే మరణించారు. నాట్ నకాసా అనే పత్రికారచయిత 1965లో న్యూయార్కులో చనిపోయాడు. దేశం విడిచిన అతనికి తిరిగిరావడానికి అనుమతి లేదు. 2014లో అతని అవశేషాలను డర్బనుకు తెచ్చి మళ్ళీ అంత్యక్రియలు జరిపారు. మాస్కోలో మరణించిన స్వాతంత్ర్య నాయకులు మోజెస్ కొటానే, జె. బి. మార్క్స్‌లను 2015లో స్వదేశానికి తెచ్చారు. 2024 సెప్టెంబరులో జాంబియా, జింబాబ్వేలనుండి 42 మంది అవశేషాలు వచ్చాయి. ఎముకలు తేవడానికి విమానం చాలు. జీవుణ్ణి తేవడానికి మాత్రం ఇంటివారి పిలుపు కావాలన్నది ఆ ప్రజల మాట.

రాజధాని ప్రిటోరియాలో ఫ్రీడమ్ పార్కు అనే స్మారకవనం ఉంది. అందులో 'ఇసివివానె' అనేచోట పదకొండు పెద్ద బండరాళ్ళు వలయంగా పేర్చి ఉన్నాయి. తొమ్మిది రాష్ట్రాలనుండి తొమ్మిది, కేంద్రప్రభుత్వం పేర ఒకటి, ప్రపంచ దేశాలన్నిటి పేర ఒకటి. దేశంకోసం ప్రాణమిచ్చి ఎక్కడెక్కడో రాలిపోయినవారి ఆత్మలకు అది విశ్రాంతిస్థానం. ఆ వనంలో ఉమ్లహ్లాన్‌కోసి చెట్లను నాటారు. ఒక ప్రభుత్వం పల్లెవాసుల చెట్టును తెచ్చి దేశపు గుండెకాయలో పెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఈ ఆచారానికి పెద్ద దెబ్బ తగిలింది. ఆసుపత్రుల వాకిళ్ళు బంధువులకు మూసివేశారు. అంత్యక్రియలకు 50 మందికి మించి రాకూడదన్నారు. రాత్రి జాగరణలు నిషేధించారు. రాష్ట్రంనుండి రాష్ట్రానికి పోవడానికి అనుమతిపత్రం కావలసి వచ్చింది. మంచందాకా పోయి పిలిచే వీలు లేక ఎన్నో కుటుంబాలు కుమిలిపోయాయి. ఆ ఏడాది, ఆపై ఏడాది మన ఊళ్ళలోనూ కన్నకొడుకు తలకొరివి పెట్టలేకపోయిన ఇళ్ళున్నాయి. ఆ బాధకు దేశభేదం లేదు.

మన ఇళ్ళలో

ఇది చదివేవారిలో కొందరు 'ఇదంతా మూఢనమ్మకం' అనవచ్చు. అనేముందు మన శాస్త్రం ఒకమారు చూడడం మంచిది. దేశాంతరం పోయి దేహం దొరకకుండా మరణించినవారికి మనకు పలాశవిధి అనే కర్మ ఉంది. 360 మోదుగాకుల కాడలను మనిషి ఆకారంగా పేర్చి, దర్భలు చేర్చి, ఆ బొమ్మకు మంత్రోక్తంగా దహనం చేస్తారు. అక్కడ రేగుకొమ్మ, ఇక్కడ మోదుగాకు. దేహంలేని దుఃఖానికి ఏదో ఒక ఆకారం ఇవ్వకపోతే మనిషి తట్టుకోలేడు.

మా ఇంట్లోనే ఈ కర్మ ఒకటి జరిగింది. మా తాతగారి అన్నగారు బ్రతుకుతెరువుకు రంగూను వెళ్ళారు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాలనుండి అలా వెళ్ళినవారు ఎందరో. కోరంగి రేవునుండి ఓడ ఎక్కుతారు కనుక బర్మావారు మనవాళ్ళను కోరంగీలనేవారు. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకున్నప్పుడు లక్షలకొద్దీ జనం అడవులవెంట కాలినడకన అస్సాము దిక్కుగా బయలుదేరారు. పెదతాతగారూ బయలుదేరారని తోటివారు వచ్చి చెప్పారు. అంతే, ఆయన రాలేదు. పన్నెండేళ్ళు చూచి పలాశవిధి జరిపించారట. ఆ పన్నెండేళ్ళూ మా ముత్తవ్వ రాత్రిపూట వీధితలుపు గడియ వేయనిచ్చేది కాదని మా నాయనమ్మ చెప్పేది. ఆకులబొమ్మ కాలిన రాత్రి ఆవిడ తానే లేచి గడియ వేసిందట. నేను పుట్టకముందు జరిగిన సంగతి ఇది. జూలూల కొమ్మను గురించి చదివేదాకా ఆ గడియకు అర్థం నాకు పూర్తిగా తెలిసింది కాదు. కర్మ చేసేది పోయినవారికోసమేనంటాము. ఉన్నవారు తలుపు వేసుకుని నిద్రపోవడానికి కూడా అది కావాలి.

ఈ చెట్టు పెరిగే గడ్డమీదనే మన తెలుగువారూ ఎందరో రాలిపోయారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుండి డర్బను చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా 52 వేలమంది భారతీయులు నాటాల్ చెరకుతోటల పనికి ఒప్పందంమీద వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవునుండి వెళ్ళిన తమిళులూ తెలుగువారూ. ఒప్పందం తీరాక కొందరు తిరిగివచ్చారు. చాలామంది అక్కడే ఉండిపోయారు. వారి సంతతివారు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభను స్థాపించుకుని తెలుగును నిలుపుకోవడానికి పాటుపడ్డారు. కాని మొదటి తరంలో చెరకుతోటలోనే కన్నుమూసిన కూలీ మాటేమిటి? విశాఖజిల్లాలోనో, గంజాములోనో ఉన్న అతని తల్లికి కబురైనా అంది ఉంటుందా? అతన్ని పిలుచుకు రావడానికి కొమ్మ పట్టుకుని ఎవరు వెళ్ళారు? చుట్టూ ఆ చెట్లు పెరుగుతూనే ఉన్నాయి, పిలిచేవారే లేరు.

అంగడిలో కొమ్మ

డర్బను నగరంలో వార్విక్ జంక్షన్ అనే కూడలి ఉంది. అక్కడ తరతరాలుగా భారతీయులు కూరగాయలమ్మే తెల్లవారు బజారుంది. దానికి చేరువలోనే, వాడుకలో లేని ఒక వంతెనమీద, మూలికల బజారు సాగుతుంది. వందలమంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, వేళ్ళూ బెరళ్ళూ కొమ్మలూ కుప్పలుపోసి అమ్ముతారు. ఉమ్లహ్లాన్‌కోసి కొమ్మా అక్కడ దొరుకుతుంది. పట్నంలో పుట్టి పెరిగి, చెట్టు ఎక్కడుంటుందో ఎరుగని కుర్రవాళ్ళు కూడా ఇంట్లో చావు సంభవిస్తే వచ్చి కొనుక్కుపోతారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పూర్వం వైద్యుడు తనకు కావలసినంత తానే కోసుకునేవాడు. ఇప్పుడు కోట్ల జనానికి మందు కావాలి. బజారుకు సరుకు కావాలి. వేరు తవ్వితే మొక్క చస్తుంది. చెట్టుచుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు ఎండిపోతుంది. అక్కడి అడవిఅల్లం ఇలాగే అడవులలో దాదాపు కనబడకుండా పోయింది. అదృష్టవశాత్తు ఉమ్లహ్లాన్‌కోసికి ఆ గతి పట్టలేదు. అది విస్తారంగా పెరుగుతుంది. గింజ వేస్తే మొలుస్తుంది. కొమ్మ కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

చిక్కు చెట్టుకంటే మనుషులలోనే ఎక్కువ. క్రైస్తవంలో కలిసిన కుటుంబాలలో కొందరు ఇది మతవిరుద్ధమంటారు. మరికొందరు ఆదివారం చర్చికీ పోతారు, అవసరమైతే కొమ్మా పట్టుకుంటారు. చదువుకున్న పిల్లలు మౌనంగా బస్సులో కొమ్మతో కూర్చోవడానికి సిగ్గుపడతారు. అయితే ఆ సీటుకు డబ్బు ఇచ్చినప్పుడు ఇదేమిటని అడిగే ప్రయాణికుడు అక్కడ అరుదు. తానూ ఒకరోజు ఎవరికోసమో ఆ టిక్కెట్టు కొనవలసినవాడే.

మన పిల్లలు ఇప్పుడు ఆఫ్రికాకూ అమెరికాకూ ఆస్ట్రేలియాకూ పోతున్నారు. మన తాతలనాడు రంగూనుకూ, నాటాలుకూ, మారిషస్‌కూ, మలయాకూ పోయారు. అలా పోయి తిరిగిరానివారి పేరు ఒకటైనా లేని తెలుగు వంశం అరుదు. తద్దినాలలో మూడుతరాల పేర్లే చెబుతాము కనుక ఆ తమ్ముడి పేరూ, ఆ మేనమామ పేరూ మంత్రంలోకి రావు. వారికి పెళ్ళికాలేదు, పిల్లలు లేరు. అందువల్ల పిలిచేవారూ లేరు. ఇంట్లో ముసలివారు ఉన్నప్పుడే ఆ పేర్లు అడిగి తెలుసుకోండి. ఏ ఊరునుండి, ఏ రేవునుండి, ఏ ఏట బయలుదేరారో ఒక కాగితంమీద రాసి ఉంచండి. పైవచ్చే సంక్రాంతికి మనుమల తలమీద రేగుపళ్ళు పోసేటప్పుడు ఆ పేర్లు ఒకమారు పైకి చదివి వినిపించండి. అందుకు పురోహితుడక్కరలేదు, టిక్కెట్టు కొననక్కరలేదు.